యంత్రముచేత ప్రకటన వ్రాయించుకొను విధము



పూర్వము మన సరకునుగూర్చి దూరపు వర్తకులకు తెలియవలెనన్న దలాలి నోటిమాటయే యాధారముగ నుండెడిది. నేడు సంఘ కార్యదర్శి తన చేతిఫోనునుండియే వాట్సాపు, ఫేస్‌బుక్కు, లింక్డిను మూలమున కొనుగోలుదారులకు నేరుగ వర్తమానము పంపగలుగుచున్నాడు. ఆ వర్తమానమును చక్కగ కూర్చుటకు కృత్రిమ మేధ యను సాధనము తోడ్పడుచున్నది. 2022 వ సంవత్సరము నవంబరులో చాట్‌జీపీటీ వెలువడినది మొదలు ఇట్టివి పలువిధములైనవి వచ్చినవి. తెలుగున నడిగినను బదులు చెప్పుచున్నవి. వీనికి మనము వ్రాసి యిచ్చు కోరికనే ప్రాంప్టు అందురు. అది యెట్లుండవలయునో యీ నెల తెలుపుచున్నాము.

ఈ యంత్రము అపారమైన వ్రాతలనుండి నేర్చి, ఏ మాట వెనుక నే మాట వచ్చుట సహజమో యెంచి వాక్యములు కూర్చును. మన గోదాములో నేమున్నదో దానికి తెలియదు. తెలియనిచోట నూరకుండక, తోచినది చేర్చి నింపుటయు కలదు.

మేమొకనాడు పరీక్షార్థము "మా పసుపునుగూర్చి ప్రకటన వ్రాయుము" అని మాత్రమే యడిగితిమి. వచ్చిన వ్రాత సొంపుగనే యుండెను. కాని మన సరకు పూర్తిగ సేంద్రియమైనదనియు, మధుమేహమును కుదుర్చుననియు నందు కలదు. ఆ రెండును మేము చెప్పినవి కావు. సేంద్రియమని చెప్పి టోకున నమ్ముటకు 2017 నాటి నిబంధనల ప్రకారము ధ్రువీకరణ ముండవలయును. ఆహారపదార్థము రోగమును కుదుర్చునని ప్రకటించుట, ప్రత్యేకానుమతి యున్ననే తప్ప, 2018 నాటి నిబంధనలచే నిషిద్ధము. ఆ వ్రాత నట్లే పంపియున్నచో అపరాధము సంఘమునకే చుట్టుకొనెడిది.

కూలివానిని పిలిచి "పని చేయుము" అన్నచో నతడేమి చేయగలడు? ఏ మడిలో, ఎంత మేర, పైరు చెడకుండ కలుపు తీయవలెనో చెప్పినగదా పని సాగును! యంత్రమునకును నంతియే. కావున ప్రాంప్టునం దైదు సంగతులు చెప్పవలయును: చెప్పువారెవరు, చదువువారెవరు, సరకు వివరము లెట్టివి, చదివినవారేమి చేయవలెను, వ్రాతకు హద్దులేవి. ఈ మాదిరిని చూడుడు.

"మేము పసుపు రైతుల సహకార సంఘము. మసాలా సరకుల టోకు వర్తకులకై లింక్డినులో నుంచుటకు ప్రకటన వ్రాయుము. సరకు: ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టిన కొమ్ములు, 200 క్వింటాళ్లు. తేమ నూటికి 10 పాళ్లు. నమూనా పంపగలము. నమూనాకై కార్యదర్శికి వ్రాయుడని ముగింపుము. 100 మాటలు మించరాదు. మేము చెప్పని గుణమును, అంకెను, ధ్రువపత్రమును చేర్చరాదు. అతిశయోక్తులు వలదు. వివరములు చాలనిచో ముందుగ మమ్ము అడుగుము."

మొదటి వ్రాత నచ్చనిచో "బాగులేదు" అని విడువక, లోపమెక్కడనో చెప్పవలయును. "మొదటి వాక్యముననే సరకు పరిమాణము రావలెను", "పొగడ్త తగ్గింపుము" అన్నచో సవరించి యిచ్చును. అదే సంగతిని వాట్సాపునకై మూడు వాక్యములలో కుదింపుమని వేరుగ నడుగవచ్చును.

ఇంత చేసినను యంత్రము తప్పక సరిగనే వ్రాయునని నమ్మరాదు. సరకును కన్నులార చూచినవా డొకడు ప్రతి అంకెను, ప్రతి మాటను దస్తరముతో సరిచూచిన పిమ్మటనే ప్రకటన పంపవలయును. సభ్యుల ఆధారు సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు మొదలగువానిని ప్రాంప్టునం దెన్నడును వ్రాయరాదు. ప్రకటనకు వానితో పనిలేదు.

విత్తొకటి వేసిన చెట్టొకటి మొలవదు. మనము నిజమును నిండుగ నిచ్చిననే వ్రాతయు నిజముగ వచ్చును. ప్రకటన క్రింద నుండునది యంత్రము పేరు కాదు, మన సంఘము పేరు. వ్రాతకును నమూనాకును పొందిక లేదని కనుగొన్న వర్తకుడు మరుసటి యేడు మన గుమ్మము త్రొక్కడు. ఆ నష్టము కార్యదర్శి యొక్కనిది కాదు. మన గోదాములో సరకు నిలిపిన ప్రతి రైతునిదియు నగును.