థర్మామీటర్‌లో 39 వస్తే జ్వరం ఎంతున్నట్టు?

ఎండ ఎంతంటే 42 అంటాం, జ్వరం ఎంతంటే 102 అంటాం. మొదటిది సెల్సియస్, రెండోది ఫారెన్‌హీట్. మన ఇళ్లలో రెండూ కలిసే నడుస్తున్నాయి. చిక్కల్లా సౌదీ నుంచో దుబాయ్ నుంచో తెచ్చిన డిజిటల్ థర్మామీటర్‌తోనే. బిడ్డ చంకలో పెడితే 39 చూపిస్తుంది. వంద దాటితేనే జ్వరమని లెక్కేసే నానీకి అది ఏమీ లేనట్టే. నిజానికి అది 102.2 జ్వరం!

లెక్క కష్టమేం కాదు. సెల్సియస్ అంకెను రెట్టింపు చేసి, అందులో పదో వంతు తీసేసి, 32 కలపాలి. 39కి రెట్టింపు 78. అందులో 7.8 పోతే 70.2. దానికి 32 కలిపితే 102.2. రెట్టింపు చేసి 30 కలిపే చిట్కా ఒకటుంది గానీ, అది చలికాలం వాతావరణానికే సరి. జ్వరానికి వాడితే 39 కాస్తా 108 అయి ఇల్లంతా హడలిపోతుంది.

లెక్క వద్దనుకుంటే నాలుగు అంకెలు చాలు: 37 అంటే 98.6, 38 అంటే 100.4, 39 అంటే 102.2, 40 అంటే 104. మూడు నెలల్లోపు పసిబిడ్డకు 38 వచ్చిందంటే వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. ఫోన్‌లో డాక్టర్‌కి చెప్పేటప్పుడు అంకె పక్కన సెల్సియసా, ఫారెన్‌హీటా అన్నది కూడా చెప్పాలి.