ఓడుచున్న జట్టుకు అండ

పత్తి ఏరుట ముగిసి చేలు ఖాళీ అయిన దినములలో మన పిల్లలు ఒక చదునైన జాగా చూచుకొని, ఇరువైపుల రెండేసి రాళ్ళు పెట్టి, వానినే గోలుస్తంభములుగా భావించి ఫుట్‌బాల్ ఆడుట మనమెరిగినదే. ఆ ఆట జరుగునప్పుడు చుట్టు చేరినవారిని గమనింపుడు. గెలుచుచున్న పక్షమున పదిమంది కేకలు వేయుచుందురు. వరుసగా మూడు గోలులు తిన్న పక్షమున ఎవరుందురు? ఒక తమ్ముడో, ఒక మేనమామయో మిగులును. అట్లు మిగిలినవానిని గూర్చియే మేము ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ముందుగా ఒక మాటకు అర్థము తెలిసికొందము. కొన్ని జట్లు ఏడాది పొడుగున ఒకదానితో నొకటి ఆడి, గెలుపునకు మూడు, సమానముగా ముగిసిన ఆటకు ఒకటి చొప్పున పాయింట్లు కూడబెట్టుకొను ఏర్పాటునకు లీగు అని పేరు. ఇంగ్లండులో 1888లో ఆరంభమైన ఫుట్‌బాల్ లీగు ఈ పద్ధతికి దారి చూపెను. ఆ దేశమున పై నాలుగు అంతస్తులలో కలిపి 92 జట్లు కలవు. వాని క్రింద మెట్లుమెట్లుగా ఇంకను అనేకమైన చిన్న జట్లు ఉన్నవి. వానినే ‘నాన్ లీగు’ జట్లందురు. పేరట్లున్నను అవియు తమ తమ లీగులలో ఆడునవే. పై నాలుగు అంతస్తులలోనివి కావని మాత్రమే ఆ మాటకు అర్థము. ఏటేట ముందు నిలిచిన జట్టు ఒక మెట్టు ఎక్కును, అడుగున నిలిచినది ఒక మెట్టు దిగును. ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును అను సామెత ఈ ఆటకు చక్కగా సరిపోవును.

ఇట్టి చిన్న జట్టు బ్రదుకు ఎట్లుండును? ఆటగాండ్రలో పలువురు పగలు వేరొక పని చేసికొని సాయంకాలము సాధనకు వచ్చువారు. పెద్ద జట్లకు టెలివిజన్ ప్రసారముల వలన కోట్లు వచ్చును. చిన్న జట్టుకు గుమ్మము వద్ద అమ్మిన టిక్కెట్లు, టీ అంగడి రాబడి, ఊరి దుకాణదారు లిచ్చు చందాలు ఆధారము. కనుక అక్కడ ఓటమి ఒక్క ఆటతో పోవునది కాదు. ఓడిన కొలది జనము తగ్గును. జనము తగ్గిన కొలది పైకము తగ్గును. పైకము తగ్గగా మంచి ఆటగాండ్రు వేరుచోటికి పోవుదురు. వారు పోగా మరల ఓటమి. ఈ చక్రమును ఆపగలవారు, ఓడినను మరుసటివారము మరల వచ్చువారే.

అయితే అండ అనునది ఒక్క తీరుగా ఉండదు. మూడు కథలు చెప్పెదము. మొదటిది మన ఇంటికథ వంటిది.

మన సర్ఖని ఉన్న కిన్వట్ తాలూకా 1956 నవంబరు 1వ తేదీ వరకు హైదరాబాదు రాష్ట్రమందలి ఆదిలాబాదు జిల్లాలోనిది. అనగా ఆనాడు హైదరాబాదు జట్టు మన రాజధాని జట్టే. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచెను. 1950 నాటి డ్యూరాండ్ కప్పు తుదిపోటీలో కలకత్తాకు చెందిన మోహన్ బగాన్ అంతటి జట్టును ఓడించెను. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా పనిచేసినవాడు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఏషియా క్రీడలలో బంగారు పతకములు గెలిచెను. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానము పొందెను. 1963లో రహీం మరణించెను. తరువాతి దశాబ్దములలో ఆ వైభవము మెల్లమెల్లగా సన్నగిల్లెను. శాఖల జట్లకు ఒక బలహీనత కలదు. ఉద్యోగమిచ్చు చేయి చాచినంతకాలము ఆటగాండ్రు వత్తురు. ఆ చేయి ముడుచుకొన్ననాడు జట్టు చిక్కిపోవును. చూచి చప్పట్లు కొట్టిన జనము ఎంతమంది ఉన్నను, జట్టును నడుపు పగ్గము వారి చేతిలో లేదు.

రెండవ కథ మన కనులయెదుట జరిగినది. 2019లో హైదరాబాదు ఎఫ్.సి. అను క్లబ్బు ఇండియన్ సూపర్ లీగులో ప్రవేశించెను. తొలి ఏడాది 18 ఆటలలో రెండే గెలిచి అడుగున నిలిచెను. 2022 మార్చి 20న తుదిపోటీలో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి అదే జట్టు విజేతయయ్యెను. రెండేండ్లలో మరల అడుగునకు జారెను. ఆర్థికపు చిక్కులు చుట్టుముట్టెను. 2025లో ఆ క్లబ్బు హైదరాబాదును విడిచి ఢిల్లీకి తరలెను, పేరును మారెను. తొలి ఏటి ఓటములలో స్టేడియమునకు వచ్చి కూర్చున్నవారికి ఇప్పుడు తమ ఊరి పేరు గల ఆ జట్టు లేదు. యాజమాన్యము ఒకచోటి నుండి మరొకచోటికి పోగలదు. అభిమాని ఎక్కడికి పోవును?

ఈ ప్రశ్నకు మూడవ కథ జవాబు చెప్పును. లండను నగరమున వింబుల్డన్ అను పేటలో 1889లో పుట్టిన ఒక క్లబ్బు కలదు. బహుకాలము అది నాన్ లీగు జట్టే. 1977లో పై లీగున చోటు సంపాదించి, 1988లో లివర్‌పూల్‌ను 1–0తో ఓడించి ఎఫ్.ఏ. కప్పు గెలిచెను. అట్టి క్లబ్బును సుమారు 90 కిలోమీటర్ల దూరమందలి మిల్టన్ కీన్స్ పట్టణమునకు తరలించుటకు 2002 మే నెలలో అనుమతి లభించెను. అభిమానులు ఏడ్చి ఊరకుండలేదు. కొలది వారములలోనే ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ అను క్రొత్త జట్టును స్థాపించిరి. వింబుల్డన్ కామన్ అను బహిరంగ మైదానమున ఆటగాండ్రను పరీక్షించి ఎన్నుకొనిరి. ఆ యేటి జూలై 10న సటన్ యునైటెడ్‌తో ఆడిన మొదటి ఆటలో వారి జట్టు 0–4 తేడాతో ఓడిపోయెను. ఆ ఓటమిని చూడవచ్చినవారు 4,657 మంది!

ఆ సంఖ్యను మనస్సున నిలుపుకొనుడు. గెలుపు చూచి వచ్చిన జనము కాదది. తమ జట్టు ఉన్నదా లేదా అని చూడవచ్చిన జనము. క్రింది మెట్టున మొదలుపెట్టి ఆ జట్టు తొమ్మిదేండ్లలో అయిదు మెట్లెక్కి, 2011లో పై నాలుగు అంతస్తులలోనికి చేరెను. 2020 నవంబరులో తమ పాత మైదానమునకు సమీపమున కట్టిన స్టేడియమున ఆడనారంభించెను. ఆ కట్టడమునకు అభిమానులు తమ సొంత పైకమును అప్పుగా ఇచ్చిరి. నేటికిని ఆ క్లబ్బు పెత్తనము అభిమానుల సంఘము చేతనే ఉన్నది.

ఈ కథలను బట్టి అండ అనగా నేమో తెలియును. కేకలు వేయుట అందులో చిన్న భాగము. టిక్కెట్టు కొనుట, ఆటగాండ్రకు నీళ్ళందించుట, మైదానమున గీతలు గీయుట, జెర్సీలు ఉతుకుట, లెక్కలు వ్రాయుట, వానలో వచ్చి నిలబడుట – ఇవి అండకు అసలు రూపములు. తప్పు చేసిన ఆటగానికి ఆట ముగిసిన పిమ్మట మెల్లగా చెప్పుటయు అండయే. రిఫరీని తిట్టుట, ఎదుటి జట్టును అవమానించుట అండ కాదు. దానివలన మన జట్టుకు ఒక్క గోలు పెరుగదు.

తల్లిదండ్రులకు ఒక మాట మనవి చేసెదము. 1956లో సరిహద్దు రేఖ జరిగినది; ఇచ్చటి మనుష్యులు జరుగలేదు. రాజధాని మారినను మన ఇండ్లలో తెలుగు నిలిచినది. పిల్లలు తగ్గిన కొలది తరగతులు తగ్గును. తరగతులు తగ్గిన కొలది ఉపాధ్యాయులు తగ్గుదురు. ఉపాధ్యాయులు తగ్గగా పిల్లలు ఇంకను తగ్గుదురు. పైని చెప్పిన చక్రము చిన్న బడులకును తెలిసినదే. దాని నాపు ఉపాయమును అదియే: ఇది మనది అనుకొని వచ్చువారు రావలెను, వచ్చినవారు పనిలో చేయి వేయవలెను.

విద్యార్థులారా, ఈసారి మన చేలలో ఆట జరుగునప్పుడు ఓడుచున్న పక్షమునకు పోయి నిలువుడు. ఆట ముగిసిన తరువాత గోలు తిన్న పిల్లవానితో కలిసి రాళ్ళు తీసి ప్రక్కన పెట్టుడు. రేపు ఎన్నిగంటలకు ఆడుదమని వానిని అడుగుడు.