కడుపు మీది చారలు, ట్యూబు మందులు

గర్భిణికి ఆరో నెల దాటాక పొట్ట మీద, తొడల మీద, రొమ్ముల మీద ఎర్రగానో ఊదారంగులోనో చారలు పడటం సర్వసాధారణం. కాన్పయిన కొన్ని నెలలకు ఆ రంగు వెలిసిపోయి, తెల్లని గీతలు మిగులుతాయి. గోక్కుంటే చారలు పడతాయని మన ఇళ్ళలో పెద్దలు హెచ్చరిస్తూ ఉంటారు. వాస్తవానికి చర్మం సాగేటప్పుడు దురద రావడం సహజమే గాని, గోకడం వల్ల చారలు పుట్టవు. పై పొర కింద కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే పోగులుంటాయి. పాత చీరను రెండు వైపులా గుంజితే గుడ్డ చిరగకుండానే నేత విడిపోయి పలచబడినట్లు, ఆ పోగులు లోపలే తెగుతాయి. గర్భకాలపు హార్మోన్లు వాటిని మరింత బలహీనపరుస్తాయి. తల్లికి చారలున్న కూతురికీ, చిన్న వయసులో గర్భం దాల్చినవారికీ, త్వరగా బరువు పెరిగినవారికీ ఇవి ఎక్కువగా పడతాయి.

జైతూన్ నూనె పట్ల మనకున్న గౌరవం వేరు. అయితే అది గాని, కోకో వెన్న గాని చారలను ఆపగలదని పరిశోధనల్లో రుజువు కాలేదు. చర్మం మెత్తబడి దురద తగ్గుతుంది. ఆ మేరకు రాసుకోవచ్చు.

ఎదిగే మగపిల్లలకూ ఇవి వస్తాయి. ఏడాదిలో వేగంగా పొడవు పెరిగిన కుర్రవాడి నడుము పైభాగాన అడ్డంగా పడిన చారలు అచ్చం బెత్తం దెబ్బల్లా కనిపిస్తాయి. ఉస్తాదును నిలదీయడానికి వచ్చే తల్లిదండ్రులు ముందుగా ఈ సంగతి తెలుసుకుంటే మా వంటివారికి మేలు!

ఇంతవరకు చెప్పినవి ప్రకృతి సిద్ధమైనవి. మనం చేజేతులా తెచ్చుకునే చారలు వేరే ఉన్నాయి. ముప్పాళ్ళ వంటి పల్నాడు గ్రామాల్లో ఎండ తీవ్రత తెలియనిది కాదు. మిరప కోతల్లో చెమటకు తడిసిన బట్టలతో రోజంతా పనిచేసేవారికి గజ్జల్లో, చంకల్లో, నడుము చుట్టూ తామర పట్టడం మామూలే. ఎవరికీ చూపలేని చోటు కనుక పిల్లవాణ్ణి మందుల షాపుకు పంపి ఒక ట్యూబు తెప్పించుకుంటారు. అటువంటి ట్యూబుల్లో చాలావాటిలో తామర మందుతో పాటు క్లోబెటాసాల్, బీటామెథాసోన్ వంటి స్టెరాయిడ్లు కలిసి ఉంటాయి. రెండు రోజుల్లో దురద అణగిపోతుంది. తామర మాత్రం లోలోపల వ్యాపిస్తూనే ఉంటుంది. వారాల తరబడి రాస్తే చర్మం పలచబడి, గజ్జల్లో వెడల్పాటి చారలు పడతాయి. అవి జీవితాంతం ఉండిపోతాయి. ముఖం తెల్లబడాలని ఇవే ట్యూబులు రాసుకునే ఆడపిల్లల సంగతి మరీ బాధాకరం. 2018లో కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్లున్న 14 రకాల పైపూత మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదన్న జాబితాలో చేర్చింది. అయినా అడిగినవారికి చేతికందుతూనే ఉన్నాయి.

ఇక్కడ హయా ప్రస్తావన తప్పదు. సిగ్గు విశ్వాసంలో భాగమే. కాని చికిత్సకు అవసరమైనంత మేర శరీరాన్ని వైద్యులకు చూపడానికి షరీఅత్ అనుమతిస్తుంది. స్త్రీలు మహిళా డాక్టరు వద్దకు వెళ్ళడం ఉత్తమం. ఆమె దొరకనప్పుడు మహ్రమ్‌ను వెంటబెట్టుకుని పురుష డాక్టరుకు చూపవచ్చునని ఉలమాలు చెప్పారు. ఈ అనుమతిని మన స్త్రీలకు మనమే సరిగ్గా చేరవేయలేదన్నది నా అభిప్రాయం.

పడిన చారలకు చికిత్స ఉందా? ఎర్రగా ఉన్న దశలో కొంత ఫలితం ఉంటుంది. ట్రెటినాయిన్ పూత ఇస్తారు గాని గర్భిణులు దానిని వాడరాదు. పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా ముట్టరాదు. లేజర్ వంటి పద్ధతులు ఖర్చుతో కూడినవి, పలుమార్లు చేయించుకోవాలి, మన చామనఛాయ చర్మం మీద నల్లమచ్చలు మిగిల్చే అవకాశమూ ఉంది. తెల్లబడిన చారలు పూర్తిగా పోవు. లుఖ్మాన్ సూరా తల్లి బలహీనత మీద బలహీనతను సహిస్తూ బిడ్డను మోసిందని గుర్తుచేస్తున్నది. భార్య పొట్టను చూసి ముఖం చిట్లించే భర్త ఆ మాటను మరొకసారి చదువుకోవాలి.

గర్భం లేకుండా, ఉన్నట్టుండి వెడల్పాటి ఊదా చారలు పడి, ముఖం ఉబ్బి, బి.పి., షుగరు పెరిగితే అది కుషింగ్ వ్యాధి కావచ్చు, ఆలస్యం చేయవద్దు. కీళ్ళనొప్పులకో ఉబ్బసానికో స్టెరాయిడ్ మాత్రలు మింగుతున్నవారు చారలు చూసి భయపడి వాటిని తమంతట తాము మానరాదు, ప్రాణాపాయం. డాక్టరు వద్దకు వెళ్ళేటప్పుడు ఇంతకాలం రాసిన ట్యూబును అట్టపెట్టెతో సహా తీసుకువెళ్ళండి. పేరు చెప్పలేకపోయినా దానిని చూసి ఏ మందు ఉన్నదో వారు గుర్తిస్తారు.