పేరు మఱచు వ్యాధి

మాట నోటిదాక వచ్చి నిలిచిపోవుట యెల్లరకు ననుభవమే. కొంతసేపటికి తానే స్ఫురించును గాన దానికి భయపడ నక్కఱలేదు. అల్జీమర్ వ్యాధిగ్రస్తులకు మాత్ర మట్లు స్ఫురించుట నానాటికి సన్నగిల్లును.

1901వ సంవత్సరము నవంబరులో జర్మనీయందలి ఫ్రాంక్‌ఫర్టు నగరమున, 51 ఏండ్ల ఆగుస్టె డెటర్ అను నామెను మానసిక వైద్యశాలలో చేర్చిరి. అల్జీమర్ అను వైద్యు డామె పే రడుగగా "ఆగుస్టె" యనెను. ఇంటిపేరడిగినను అదియే, భర్త పేరడిగినను అదియే. కాలీఫ్లవరు తినుచు దానిని పాలకూర యనెను. ఆమె 1906లో మరణించిన పిమ్మట నతడు మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించి, కణముల వెలుపల పేరుకొన్న మచ్చలను, లోపల చిక్కుపడిన నూలువంటి పోగులను గాంచెను. 1910లో ఆ వ్యాధికి అతని పేరే పెట్టిరి.

ఈ పోగులు సాధారణముగా మొదట కణతల లోపలి భాగమున నేర్పడును. జ్ఞాపకములకును, వస్తువుల యర్థములకును ఆ భాగము ముఖ్యస్థానము. నోటిని కదలించు భాగము వేఱొకచోట నుండుటచే చాలకాలము చెడదు. అందువలన రోగి స్పష్టముగనే పలుకును, వాక్యమును చక్కగనే కూర్చును. నామవాచకము కావలసినచోట మాత్రము తడబడును. "తాళపుచెవి" యనలేక "ఆ తలుపు తీయునది" యనును. ఒక నిమిషములో జంతువుల పేర్లు చెప్పుమన్నచో ఆవు, కుక్క, పిల్లి యని యాగిపోవును. ముంగిస, ఉడుత తోచవు. అరుదుగా వాడుమాటలే ముందు జాఱిపోవుట గమనింపదగినది.

వ్రాతయందును ఇట్లే. ఐరిస్ మర్డాక్ అను ఆంగ్ల నవలారచయిత్రి 1995లో తన కడపటి నవల "జాక్సన్స్ డైలెమా"ను ప్రకటించెను. ఆమెకు ఈ వ్యాధి గలదని 1997లో లోకమునకు తెలిసినది. 1999లో ఆమె గతించెను. 2005లో పరిశోధకులు ఆ నవలను 1954 నాటి ఆమె మొదటి నవలతోడను, 1978 నాటి మఱొక నవలతోడను పోల్చిచూచిరి. వాక్యనిర్మాణమున పెద్ద భేదము గానరాలేదు; పదసంపద మాత్రము తఱిగియుండెను. వైద్యులకంటె ముందుగా పుస్తకమే చెప్పినదన్నమాట!

మన యిండ్లలో అవ్వ మనుమని మేనమామ పేరుతో పిలిచినంతనే అది యీ జబ్బని తలపరాదు. అట్టి పొరపాటు ఎల్లరును చేయుదురు. కాని నిత్యము వాడు వస్తువుల పేర్లే పదేపదే తప్పిపోవుచుండినచో వైద్యునికి చూపవలెను. అట్టి వారిని పిల్లలు నవ్వుట చూచితిమి. వారికి అర్థము తెలియును, పేరే అందదు. ఆ నవ్వును గూడ వారు గ్రహింతురు. కొంతసేపు వేచి, పిమ్మట "తా—" యని మొదటి యక్షర మందించినచో పెక్కుసారులు మాట వచ్చును. వ్యాధి ముదిరిన కొలది ఆ యక్షరముకూడ పనికిరాదు. అప్పుడు తాళపుచెవినే చేతికీయవలెను.