నిత్యజీవితములో అసమీకరణములు

సమీకరణమును సాధించుట మన విద్యార్థులకు అలవాటైన పనియే. అసమీకరణము ఎదురగుసరికి కలము ఆగిపోవుచున్నది. లెక్క కష్టమై కాదు. మాటలలో చెప్పిన విషయమును గుర్తులలోనికి మార్చు చోటనే చిక్కు కలదు. నిజమునకు నిత్యజీవితములో "సరిగా ఇంత" అని తేలు సందర్భములు తక్కువ. బస్సులో ఇందరికి మించరాదు, ఫీజు చెల్లింపు ఈ తేదీ దాటరాదు, ఉత్తీర్ణతకు ఇన్ని మార్కులకు తగ్గరాదు. ఇవన్నియు అసమీకరణములే.

మేము గమనించిన ముఖ్యమైన చిక్కు ఒక మాటయందు ఉన్నది. తెలుగువారు "కనీసము" అందురు. ఉర్దూ చదివినవారు "కమ్ సే కమ్" అందురు. కమ్ అనగా తక్కువ. తెలుగు మాటలోను ఆ తక్కువ భావమే ధ్వనించును. అందుచేత చేయి తిన్నగా < గుర్తు వైపునకు పోవును. కాని కనీసము 35 మార్కులు అనగా 35 గాని, అంతకు పైన గాని అని అర్థము. మార్కులను ‘మ’ అనుకొనిన, మ ≥ 35 అని వ్రాయవలెను. అట్లే "జ్యాదా సే జ్యాదా" అన్నను, "గరిష్ఠముగా" అన్నను ≤ గుర్తు రావలెను. కనుక గుర్తు వ్రాయుటకు ముందు, మాటను "తగ్గరాదు" లేక "మించరాదు" అని మార్చి చెప్పుకొనుట మేలు. ఆల్జీబ్రా అను పేరు 9వ శతాబ్దమున బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ వ్రాసిన గ్రంథమునందలి "అల్ జబ్ర్" నుండి వచ్చినదే అయినను, < > గుర్తులు చాల తరువాతివి. థామస్ హారియట్ అను ఆంగ్లేయుని గ్రంథము, ఆయన మరణించిన పదేండ్లకు, 1631లో అచ్చయినప్పుడు అవి తొలిసారి కనిపించినవి.

ఇక విద్యార్థులకు మిక్కిలి దగ్గరి ఉదాహరణము హాజరు. 75 శాతము ఉండవలెనన్నది నియమము. సంవత్సరమునకు 120 తరగతులనియు, ఇంతవరకు 84 జరుగగా ఒక విద్యార్థి 60కి వచ్చెననియు అనుకొందము. అతని శాతము ఇప్పుడు 72కు లోపే. మిగిలిన 36 తరగతులలో అతడు రావలసినవి ‘య’ అయినచో,

60 + య ≥ 90

అనగా య ≥ 30. య ≤ 36 అన్నది ఎటులను ఉన్నదే. కావున అతడు ఇక 6 తరగతుల వరకు మానవచ్చును, 7 మానరాదు. అదే విద్యార్థి ఇంతవరకు 48కే వచ్చియున్నచో య ≥ 42 కావలెను. మిగిలినవి 36 మాత్రమే. రెండు షరతులను తృప్తిపరచు సంఖ్య లేదు. పరీక్షకు అనుమతి, ఉపకారవేతనము దీనిపై ఆధారపడియుండగా, ఈ లెక్కను చివరి నెల వరకు ఆపక సంవత్సరము నడుమనే వేసికొనుట యుక్తము.

రెండు తెలియని రాశులున్న సందర్భమునకు దూరము పోనక్కరలేదు. హనుమకొండకు పొరుగున, వరంగల్ కొత్తవాడలో జంఖానాలు నేయుదురు. వరంగల్ జంఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ఈ క్రింది అంకెలు మేము లెక్క కొఱకు కల్పించినవి. సాదా జంఖానాకు 1 రోజు, 2 కిలోల నూలు. రంగుల నమూనా గల దానికి 3 రోజులు, 3 కిలోల నూలు పట్టుననుకొందము. నెలలో పనిదినములు 24. చేతనున్న నూలు 36 కిలోలు. సాదావి ‘య’, నమూనావి ‘ర’ అయినచో,

య + 3ర ≤ 24
2య + 3ర ≤ 36
య ≥ 0, ర ≥ 0

చివరి రెండింటిని విద్యార్థులు తరచుగా మరతురు. ఋణ సంఖ్యలో జంఖానాలు నేయుట ఎవరికిని సాధ్యము కాదు గదా! గ్రాఫు కాగితముపై గీసినచో ఒక చతుర్భుజము ఏర్పడును. సాదా జంఖానాకు 200, నమూనా జంఖానాకు 480 రూపాయల కూలి అయినచో, అధిక రాబడి ఆ చతుర్భుజపు శీర్షములలోనే దొరకును. 18 సాదావి మాత్రమే నేసిన 3600. 8 నమూనావి మాత్రమే నేసిన 3840. 12 సాదావి, 4 నమూనావి నేసిన 4320 రూపాయలు. ఇట్టి లెక్కలకే 1939లో లెనిన్‌గ్రాడ్‌లో కాంటరోవిచ్, 1947లో అమెరికాలో డాంట్జిగ్ పద్ధతులు కనుగొనిరి. కాంటరోవిచ్‌కు 1975లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము, కూప్‌మన్స్‌తో కలిపి, లభించినది.

ఇప్పుడొక వ్యాపారి వచ్చి, "నాకు నమూనావి కనీసము 6 కావలెను" అనినాడనుకొందము. ర ≥ 6 అను షరతు చేరును. అప్పుడు 18 రోజులు వానికే పోవును. మిగిలిన 6 రోజులలో 6 సాదావి. రాబడి 4080. బేరము పెద్దదిగా కనిపించినను నేతగానికి 240 రూపాయలు తగ్గినవి. నూలు ధర, అద్దకపు ఖర్చు ఈ లెక్కలో చేర్చలేదు. చేర్చిన షరతులు పెరుగును గాని పద్ధతి మారదు. పూర్వపు రాబడి తగ్గకుండుటకు నమూనా జంఖానా ఒక్కింటికి అదనముగా అడుగవలసిన కూలిని ‘అ’ అనుకొనిన, 6అ ≥ 240, అనగా అ ≥ 40. నేతగాడు వ్యాపారిని జంఖానాకు కనీసము 40 రూపాయలు ఎక్కువ అడుగవలెను.