రెండువందల అడుగుల దూరంలో పటర్ పని

2021 జూన్ 26. అమెరికాలోని యూటా రాష్ట్రం, ఓగ్డెన్ పట్నం. ప్రపంచ డిస్క్ గోల్ఫ్ చాంపియన్‌షిప్‌లో ఆఖరి రౌండు, ఆఖరి హోల్. అప్పటికే అయిదుసార్లు ప్రపంచ విజేత అయిన పాల్ మెక్‌బెత్ ఒక్క త్రో ముందున్నాడు. వెనకబడిన జేమ్స్ కాన్రాడ్ డిస్కేమో బుట్టకు 247 అడుగుల దూరంలో పడింది. అక్కణ్ణుంచి విసిరింది నేరుగా బుట్టలో పడితే తప్ప అతనికి ఆట లేదు. కాన్రాడ్ విసిరాడు. డిస్క్ గాల్లో సాగి వెళ్లి గొలుసులకు తగిలి బుట్టలో కూర్చుంది. స్కోరు సమమైంది. ప్లేఆఫ్ మొదటి హోల్‌లోనే టైటిల్ కాన్రాడ్‌ది అయిపోయింది. అభిమానులు ఆ త్రోకు ‘హోలీ షాట్’ అని పేరు పెట్టుకున్నారు.

దాన్ని పదేపదే చూసేవాళ్లలో చాలామందికి పట్టని సంగతి ఒకటుంది. అంత దూరం వెళ్లిన ఆ డిస్క్ దూరాలకు విసిరే డ్రైవరు కాదు, మధ్య దూరాలకు విసిరే మిడ్‌రేంజూ కాదు. ఆక్సియమ్ సంస్థ తయారుచేసే ‘ఎన్వీ’ అనే పటర్. బుట్ట ముందు నిలబడి మెల్లగా వేసుకోవడానికని కొత్త ఆటగాళ్లు కొనుక్కునే రకం.

ఈ ఆట ఎరగనివాళ్లకు రెండు ముక్కలు. బంతి బదులు ప్లాస్టిక్ డిస్క్, నేలమీది గుంత బదులు గొలుసులు వేలాడే ఇనుప బుట్ట. మిగతా లెక్కంతా గోల్ఫ్‌దే, తక్కువ త్రోలలో పూర్తిచేసినవాడు గెలుస్తాడు. వామ్-ఓ కంపెనీలో ఆధునిక ఫ్రిస్బీకి రూపం దిద్దిన ఎడ్ హెడ్రిక్ 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత కోర్సు వేశాడు. మరుసటేడు ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్ పెట్టాడు. గొలుసుల బుట్టకు 1977లో పేటెంటు వచ్చింది. ఆయన 2002లో పోయాక, ఆయన కోరిక ప్రకారమే చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి కొన్ని డిస్కులు పోతపోశారు. పిచ్చి అంటే అలా ఉండాలి.

హెడ్రిక్ మొదలుపెట్టిన రోజుల్లో అన్నీ మొద్దు అంచు డిస్కులే. 1983లో డేవ్ డునిపేస్ అంచును ఏటవాలుగా చెక్కినట్టు మలచిన డిస్క్ తెచ్చాక ఆట తీరే మారింది. పల్చని అంచు గాలిని కోసుకుంటూ పోతుంది కాబట్టి డ్రైవర్లు ఎంతో దూరం వెళ్లసాగాయి. పటర్ మాత్రం పాత పద్ధతి వదల్లేదు. అంచు మొద్దుగా, ఒక సెంటీమీటరు అటూఇటూ వెడల్పుతో ఉంటుంది. లోపలి గుంట లోతుగా ఉంటుంది. గాలి దాన్ని త్వరగా నెమ్మదింపజేస్తుంది. హైదరాబాద్ మైదానాల్లో అల్టిమేట్ ఫ్రిస్బీ ఆడినవాళ్ల చేతికి డిస్క్ గోల్ఫ్ సంచిలో అన్నిటికంటే దగ్గరగా తోచేది ఇదే. బరువు కూడా దాదాపు అదే, 175 గ్రాములు. కాకపోతే అల్టిమేట్ డిస్క్ వ్యాసం 27 సెంటీమీటర్లు దాటుతుంది, పటర్‌ది 21 దగ్గరే ఆగిపోతుంది.

బుట్ట చుట్టూ పది మీటర్ల వలయంలో వేసేది పట్. ఆ వలయం బయటినుంచి, వంద అడుగుల మొదలు రెండువందల యాభై దాకా, బుట్ట దగ్గరికి చేర్చడానికి వేసేది అప్రోచ్. నాలుగువందల అడుగులు విసరగల చెయ్యి రెండువందల అడుగులకు డ్రైవరునే మెల్లగా వేస్తే సరిపోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. సరిపోదు. డ్రైవరుకు తగినంత వేగం అందకపోతే కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌లో (చేతిని ఒంటికి అడ్డంగా తెచ్చి విసిరినప్పుడు) అది ముందే ఎడమకు తిరిగి నేలకు వాలిపోతుంది. అక్కడితోనైనా ఆగదు, పల్చని అంచు నేల తాకి జారుతూ ఇంకో ముప్పై అడుగులు పక్కకు పోతుంది. పటర్ అయితే పడ్డచోటే దాదాపుగా నిలుస్తుంది.

పడ్డచోట నిలవడం ఎంత విలువైందో చూడాలంటే దక్షిణ కరోలినాలోని రాక్ హిల్‌కు వెళ్లాలి. 1999 నుంచి అమెరికా డిస్క్ గోల్ఫ్ చాంపియన్‌షిప్ జరిగేది అక్కడి విన్‌త్రాప్ యూనివర్సిటీ ఆవరణలోనే. పదిహేడో హోల్ బుట్ట చుట్టూ గడ్డిమోపుల గోడ కట్టి ఉంటుంది. దూరం పెద్దది కాదు. పై స్థాయి ఆటగాళ్లకు పటరో మిడ్‌రేంజో చాలు. కానీ డిస్క్ ఆ గోడ లోపల పడి, లోపలే ఆగాలి. మూడు రోజులు నిలబెట్టుకున్న ఆధిక్యాన్ని ఆ ఒక్క హోల్ దగ్గర పోగొట్టుకున్న పేర్లు చాలానే ఉన్నాయి. పక్కనే ఉన్న చార్లొట్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఇది అరగంట ప్రయాణం. ఆ చుట్టుపక్కల పార్కుల్లోనూ కోర్సులకు కొదవలేదు.

సరే, రెండువందల అడుగులకు పనికొచ్చే పటర్‌ను ఎలా పోల్చుకోవాలి? ముందు అది గాల్లో ఎందుకు వంగుతుందో తెలియాలి. తిరుగుతున్న బొంగరాన్ని ఒక పక్కనుంచి నెట్టి చూడండి. నెట్టినవైపు పడిపోదు, దానికి అడ్డదిశలో ఒరుగుతుంది. డిస్క్‌దీ అదే ధర్మం. వేగంగా పోయేటప్పుడు గాలి ఎత్తుబలం డిస్క్ మధ్యకంటే కొంచెం వెనక పనిచేస్తుంది, అది ముక్కును, అంటే ముందు అంచును, కిందికి నొక్కుతుంది. డిస్క్ తిరుగుతోంది కాబట్టి ముక్కు వంగడానికి బదులు మొత్తం డిస్కే కుడికి ఒరుగుతుంది. వేగం తగ్గేకొద్దీ ఎత్తుబలం ముందుకు జరుగుతుంది, అప్పుడు ఎడమకు ఒరుగుతుంది. ఇదంతా కుడిచేతి బ్యాక్‌హ్యాండ్ లెక్క. ఎడమచేతి బ్యాక్‌హ్యాండ్‌కు, కుడిచేతి ఫోర్‌హ్యాండ్‌కు (చేతి పక్కనుంచే విసిరేది) దిశలు తారుమారవుతాయి. మొదటి ఒరుగును టర్న్ అనీ, చివరి ఒరుగును ఫేడ్ అనీ అంటారు.

పది మీటర్లలోపు పట్ వేసేటప్పుడు డిస్క్ వేగం చాలా తక్కువ కాబట్టి టర్న్ సంగతి బయటపడే అవకాశమే లేదు. బుట్ట ముందు బంగారంలా ఉన్న పటర్‌ను అదే నమ్మకంతో రెండువందల అడుగులకు బలంగా విసిరితే ఒక్కోసారి కుడికి దొర్లిపోయి చెట్ల పాలవుతుంది. పట్‌లో మంచిదైనది త్రోలో మంచిదవ్వాలని లేదు. దూరపు అప్రోచ్‌కు పటర్ ఎంచుకునేవారు అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఇది ఎంత దూరం పోతుంది’ అని కాదు, ‘గట్టిగా విసిరితే తట్టుకుంటుందా’ అని.

జవాబు కొంతవరకు డిస్క్ మీదే ముద్రించి ఉంటుంది. స్పీడ్, గ్లైడ్, టర్న్, ఫేడ్ అని నాలుగు అంకెలు. స్పీడ్ అంటే అది పోయే వేగం కాదు, సరిగా ఎగరడానికి చెయ్యి అందించాల్సిన వేగం. గ్లైడ్ గాల్లో తేలే గుణం. టర్న్ సున్నాకంటే ఎంత కిందికి పోతే అంతగా కుడికి ఒరుగుతుంది. ఫేడ్ ఎంత పెద్దదైతే చివర్లో అంత గట్టిగా ఎడమకు దిగుతుంది. ఇన్నోవా వారి ఏవియార్‌కు ఈ అంకెలు 2, 3, 0, 1. కాన్రాడ్ ఎన్వీకి 3, 3, -1, 2. డిస్క్రాఫ్ట్ జోన్‌కు 4, 3, 0, 3. స్వీడన్ కంపెనీ కాస్టాప్లాస్ట్ బెర్గ్‌కు 1, 1, 0, 2. అంకెల్ని నమ్మొచ్చు గానీ ప్రమాణం చేసినంతగా వద్దు. వీటిని కొలిచే ఉమ్మడి సంస్థ ఏదీ లేదు, ఎవరి డిస్క్‌కు వాళ్లే వేసుకుంటారు. ఒకే కంపెనీ డిస్కుల మధ్య పోలికకు అవి బాగా పనికొస్తాయి. కంపెనీ మారితే సందేహించడమే మంచిది.

ఈ డిస్కుల్లో రెండు తీర్లు కనిపిస్తాయి. ఏవియార్, ఎన్వీ లాంటివి ఇంచుమించు నేరుగా పోయి చివర్లో కాస్త వంగుతాయి. పన్నెండుసార్లు ప్రపంచ విజేత కెన్ క్లైమో పేరు మీద వచ్చిన కేసీ ప్రో ఏవియార్ ఈ వర్గంలో పాతకాపు. గట్టి ప్లాస్టిక్‌తో చేసింది కాబట్టి విసిరేవాళ్లు దాన్ని ఏళ్ల తరబడి వదల్లేదు. జోన్, వెస్ట్‌సైడ్ హార్ప్ లాంటివి రెండో తీరు. వాటిని ఎంత బలంగా విసిరినా కుడికి ఒరగవు, చివర్లో ఎడమకు దిగడం ఖాయం. ఓవర్‌స్టేబుల్ అంటారు వీటిని. ఫోర్‌హ్యాండ్ వేసేవాళ్లకు ఇవి ప్రాణం. ఫోర్‌హ్యాండ్‌లో సాధారణంగా డిస్క్‌కు తిరుగుడు తక్కువ అందుతుంది, మణికట్టు కాస్త తడబడితే డిస్క్ వణుకుతుంది. నేరుగా పోయే పటర్ ఆ వణుకును భరించలేదు, జోన్ భరిస్తుంది. అల్టిమేట్‌లో పేరు తెచ్చుకుని డిస్క్ గోల్ఫ్‌కు వచ్చిన బ్రోడీ స్మిత్ పేరు మీద డిస్క్రాఫ్ట్ విడుదల చేసిందీ జోనే.

అందరూ కొంటున్నారు కదా అని కొత్తవాళ్లు మొదటే జోన్ కొనేస్తున్నారు. అది తొందరపాటే. ఓవర్‌స్టేబుల్ డిస్క్ చేతి తప్పును కప్పిపుచ్చుతుంది. అడ్డదిడ్డంగా వదిలినా చివరికి ఎడమకే దిగుతుంది కాబట్టి తప్పు జరిగిందని కూడా తెలియదు. నేరుగా పోయే పటర్‌తో మొదలుపెడితే ఏ కోణంలో వదిలారో అది గాల్లోనే చూపిస్తుంది. కొంచెం ఎడమకు వంచి వదిలితే మెల్లగా లేచి సమంగా సాగే గీత, సమంగా వదిలితే కాస్త కుడికి జరిగి మళ్లీ వెనక్కు వచ్చే గీత, ఇలా ఒక్క డిస్క్‌తోనే నాలుగైదు దారులు వేయొచ్చు. జోన్ రెండో కొనుగోలుగా బాగుంటుంది, ముఖ్యంగా గాలి ఊళ్లలో.

గాలి మాట వచ్చింది కాబట్టి చిన్న లెక్క. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో విసిరిన డిస్క్‌కు ఎదురుగాలి 20 అయితే, దాని అంచుకు తగిలే గాలి 100 వేగంతో విసిరినట్టే ఉంటుంది. అంటే టర్న్ పెరుగుతుంది. నిన్న నేరుగా పోయిన ఏవియార్ ఇవాళ కుడికి ఒరుగుతుంది. వెనకగాలిలో ఇది తలకిందులై, డిస్క్ తొందరగా కుంగి ఎడమకు వాలుతుంది. బాగా తేలే పటర్ అయితే ఎదురుగాలిలో ఉన్నట్టుండి పైకి లేచి బుట్ట దాటిపోతుంది కూడా. బెర్గ్‌కు గ్లైడ్ 1 మాత్రమే ఇవ్వడంలో కిటుకు అదే. తేలదు కనుక బుట్ట దాటి పోతుందన్న భయం తక్కువ. కాకపోతే రెండువందల అడుగులకు దాన్ని చేర్చాలంటే చేతికి బాగా బలం ఉండాలి. నూటయాభై లోపు అది హాయి, ఆపైన శ్రమ.

టర్న్‌ను మార్చేది గాలి ఒక్కటే కాదు, అంచు కూడా. అంచు అడుగున చిన్న కట్టలా ఉబ్బెత్తుగా ఉండే దాన్ని బీడ్ అంటారు. బీడ్ ఉన్న పటర్ సాధారణంగా టర్న్‌ను ఎక్కువగా అడ్డుకుంటుంది. అయినా ఇది చేతి ఇష్టానికి సంబంధించిన విషయం కూడా. డైనమిక్ డిస్క్స్ వాళ్లు బీడ్‌తో జడ్జ్‌ను, అదే డిస్క్‌ను బీడ్ లేకుండా వార్డెన్‌గా అమ్మేది అందుకే. పట్ వేసేటప్పుడు వేళ్లు విప్పి పట్టుకుంటారు, అప్పుడు బీడ్ హాయిగా ఉంటుంది. దూరపు అప్రోచ్‌కు నాలుగు వేళ్లూ లోపలికి ముడిచి బిగించాలి, లోతైన అంచుకు తోడు బీడ్ కూడా ఉంటే పొట్టి వేళ్లవాళ్లకు పట్టు కుదరదు. దుకాణంలో డిస్క్‌ను పట్ వేసేలా పట్టి చూసి కొనేవాళ్లు ఈ తేడాను ఇంటికెళ్లాకే కనిపెడతారు.

ప్లాస్టిక్ సంగతి ఇంకా ముఖ్యం. పది డాలర్ల చుట్టూ దొరికే మామూలు ప్లాస్టిక్ చేతికి బాగా అంటుకుంటుంది, గొలుసులను పట్టుకుంటుంది, కానీ చెట్టును నాలుగుసార్లు కొడితే అంచు నలిగిపోతుంది. నలిగిన అంచుతో టర్న్ పెరుగుతుంది, కొన్ననాడు నేరుగా పోయిన డిస్క్ ఆరు నెలలకు కుడికి లాగుతుంది. దానికి దాదాపు రెట్టింపు ధర పలికే ప్రీమియం ప్లాస్టిక్ ఏళ్లు గడిచినా అంతగా మారదు, తడిలో మాత్రం జారుతుంది. అందుకే చాలామంది ఒకే మోడల్‌ను రెండు ప్లాస్టిక్కుల్లో తీసుకుని మెత్తనిదాన్ని పట్‌కు, గట్టిదాన్ని త్రోకు ఉంచుకుంటారు. చేతికి రూపం ఒకటే, పని వేరు. అరిగిన డిస్క్‌ను పారేయనక్కర్లేదు. కుడికి వంపు తిరిగిన దారుల్లో అదే మహారాజు.

బరువు దగ్గర మరీ మల్లగుల్లాలు పడాల్సిన పని లేదు. నిబంధనల ప్రకారం వ్యాసంలో ప్రతి సెంటీమీటరుకు 8.3 గ్రాములు మించకూడదు, 21.2 సెంటీమీటర్ల పటర్‌కు అది 176 దగ్గర తేలుతుంది. చాలామంది 170 పైనే తీసుకుంటారు, గాలికి అది కాస్త నిలకడగా ఉంటుంది. భుజం నొప్పి ఉన్నవాళ్లు, పిల్లలు 150 చిల్లర గ్రాములతో నిస్సంకోచంగా ఆడొచ్చు.

ఇక రెండు డిస్కుల మధ్య తేలకపోతే దుకాణంలో నిలబడి లాభం లేదు. పార్కులో ఖాళీ బుట్ట ఒకటి చూసుకుని రెండువందల అడుగులు కొలిచి, ఒక్కో డిస్క్‌ను పదేసిసార్లు విసిరి చూడాలి. అప్పుడు బుట్టకు అన్నిటికంటే దగ్గరగా పడిన త్రోను లెక్కలోంచి తీసేయాలి, అది ఎవరికైనా ఒకసారి పడుతుంది. మిగతా తొమ్మిది ఎక్కడ పడ్డాయో చూడాలి. అన్నీ బుట్టకు ఎడమవైపే, దగ్గరదగ్గరగా పడి ఉంటే గురిని కాస్త కుడికి జరుపుకోవచ్చు, ఆ డిస్క్ సంచిలో ఉండదగ్గదే. కొన్ని కుడికి దొర్లి, కొన్ని ఎడమకు వాలి, రెండు బుట్ట దాటిపోయి ఉంటే దాన్ని పట్‌కు మాత్రమే ఉంచుకుని, త్రోకు ఇంకొకటి వెతుక్కోవాలి.