తలకు బలమైన గాయము తగిలినప్పుడు

ప్రొద్దుట నవ్వుచు ఇల్లు వెడలిన మనుష్యుడు సాయంకాలమునకు ఆసుపత్రిలో స్పృహలేక పడియుండుట ఈ కాలమున వింత గాదు. 2022వ సంవత్సరమున మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర ప్రభుత్వపు లెక్కలు చెప్పుచున్నవి. వారిలో ద్విచక్రవాహనములపై పోవువారే అన్ని తరగతులవారికంటె ఎక్కువ. ప్రాణములతో మిగిలినవారిలో తలకు బలమైన గాయము తగిలినవారి కష్టము వేరు. చేయి విరిగినచో ఎముక అతుకుకొనును. మెదడు దెబ్బతిన్నచో మనుష్యుడే మారిపోవచ్చును.

అట్టి సమయమున ఆసుపత్రి వసారాలో ఒక కాగితము తెచ్చి సంతకము చేయుమందురు. సాధారణముగా మరిదియో, బావగారో, మేనమామయో ముందునకు వచ్చి చేయుదురు. భార్య ఒక మూల గోడకానుకొని ఏడ్చుచుండును. ఆమె నడుగువారుండరు. కాని, తరువాత ఏండ్ల తరబడి అన్నము తినిపించి, పక్క మార్చి, మరల మాటలు నేర్పవలసినది ఆమెయే. కావున ఆ కాగితములో నేమున్నదో, సంతకమునకు ముందు ఏమడుగవలెనో స్త్రీలు ముందుగా నెరిగియుండుట మంచిదని తలంచి మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

వైద్యులు మొట్టమొదట స్పృహను కొలుతురు. గ్లాస్గో నగర వైద్యులగు గ్రాహము టీస్‌డేలు, బ్రయను జెన్నెటు అనువారు 1974లో ఏర్పరచిన కొలతయే నేటికిని వాడుకలో నున్నది. కన్నులు తెరచుటకు 4, మాటకు 5, అవయవముల కదలికకు 6, మొత్తము 15 మార్కులు. ఏ చలనమును లేనివారికి సైతము 3 వచ్చును. 8 గాని అంతకు తక్కువ గాని వచ్చినచో గాయము తీవ్రమని యెంచుదురు. ఈ అంకె యొక్కటియే భవిష్యత్తును చెప్పజాలదు. రోగి వయస్సు, కనుపాపలు వెలుతురునకు ముడుచుకొనుట, సి.టి. స్కానులో కనబడినది, ఇతరమైన గాయములు, వీనినన్నిటిని కలిపి చూతురు. మత్తుమందు లిచ్చినప్పుడు ఈ కొలత సరిగా తెలియదు.

మెదడునకు దెబ్బ రెండు విధములు. ప్రమాద క్షణముననే కలిగిన నష్టమును ఏ వైద్యుడును వెనుకకు త్రిప్పలేడు. తరువాతి గంటలలో వాపు, రక్తస్రావము, ప్రాణవాయువు చాలకపోవుట వీనివలన కలుగు రెండవ నష్టమును మాత్రము ఆపవచ్చును. చికిత్స యంతయు దానికొరకే. కపాలము మూతవేసిన గట్టి కుండవంటిది. లోపల మెదడు వాచినచో దానికి చోటు లేదు; ఒత్తిడి పెరిగి రక్తము ప్రసరింపదు. అందుచే 108కి కబురంపుటలో గాని, శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి చేర్చుటలో గాని ఆలస్యము తగదు. పుర్రెకును మెదడునకును నడుమ రక్తము గడ్డకట్టి మెదడును నొక్కుచున్నదని, వెంటనే తీయవలెనని వైద్యుడు చెప్పినచో, ముహూర్తములకును బంధువుల రాకకును ఎదురుచూడరాదు.

చిక్కైన నిర్ణయము మరియొకటి కలదు. మందులచే ఒత్తిడి తగ్గనప్పుడు పుర్రె ఎముకలో పెద్ద భాగమును తాత్కాలికముగా తీసివేసి వాచిన మెదడునకు చోటు కల్పింతురు. దీని ఫలితములను కేంబ్రిడ్జి వైద్యుల నాయకత్వమున పెక్కు దేశములలో 408 మంది రోగులయందు పరీక్షించి 2016లో ప్రకటించిరి. ఆరు నెలలకు, శస్త్రచికిత్స పొందినవారిలో నూటికి సుమారు 27 మందియు, మందులతోనే చికిత్స పొందినవారిలో 49 మందియు మరణించిరి. అనగా నూటికి 22 ప్రాణములు అదనముగా దక్కినవి. అయితే ఆ దక్కినవారి స్థితి యేమి? లెక్క చూడగా, ఆ 22 మందిలో సుమారు ఆరుగురు కన్నులు తెరచియు తెలివి లేని స్థితిలో నుండిరి. ఏడెనిమిదిమంది ప్రతి పనికిని ఇతరులపై నాధారపడిరి. మిగిలిన యెనిమిదిమంది ఇంటిలోనైనను తమ పనులు తాము చేసికొనగలిగిరి, లేదా అంతకు మెరుగైరి. సంవత్సరము గడచునప్పటికి ఈ కడపటి తరగతివారి సంఖ్య ఇంకను పెరిగినది.

ఈ లెక్కను విని "చేయింపుడు" అనియో, "వలదు" అనియో మేము చెప్పజాలము. ప్రాణము దక్కుట యొకటి, బ్రదుకు దక్కుట యొకటి యని, ఈ రెండింటిని గూర్చియు వైద్యుని వేరువేరుగా నడుగవలెనని మాత్రము చెప్పుచున్నాము. "బ్రదుకునా?" అని అడిగి యూరకుండరాదు. "బ్రదికినచో, ఆరు నెలలకు ఎట్లుండుననుకొనుచున్నారు? మమ్ము గుర్తించునా? తానుగా అన్నము తినగలడా? మీ రెంత నిశ్చయముగా చెప్పగలరు? మరల ఎప్పుడు ఆలోచింతము?" అని యడుగుడు. మంచి వైద్యుడు ఈ ప్రశ్నలకు కోపింపడు.

తొందరపడి ఆశ వదలుట కూడ పొరపాటే. అమెరికాలో జరిగి 2021లో వెలువడిన పరిశీలన యొకటి కలదు. తీవ్రగాయము తగిలి రెండు వారములకు సైతము తెలివి లేని స్థితిలోనున్న 79 మందిలో 62 మంది సంవత్సరము లోపల స్పృహ పొందిరి. స్పృహ వచ్చిన వారందరును పూర్వపు మనుష్యులైరని కాదు. తామెవరో, ఎక్కడ నున్నారో, ఏ దినమో చెప్పగల స్థితికి వచ్చినవారు లెక్కకు దొరికిన వారిలో నాలుగవ వంతే. ఐనను, రెండు మూడు దినములకే "ఇక లాభము లేదు" అని తీర్మానించుట తగదని ఇందువలన తెలియుచున్నది. కొన్నాళ్లు చికిత్స జరిపించి, అప్పటి స్థితిని చూచి మరల ఆలోచింతమని వైద్యులతో గడువు పెట్టుకొనుట ఉత్తమము.

స్పృహ లేకుండుట వేరు, బ్రెయిన్ డెత్ అని వైద్యులు చెప్పు జీవన్మృతి వేరు. జీవన్మృతుడు మరల బ్రదుకడు, యంత్రమున్నంతసేపే ఊపిరి. 1994 నాటి అవయవదాన చట్టము ననుసరించి నలుగురు వైద్యుల మండలి కనీసము ఆరు గంటల వ్యవధితో రెండు మారులు పరీక్షించి దీనిని ధ్రువపరుపవలెను. అవయవదానమునకు దగ్గరి బంధువుల సమ్మతి కావలెను, బలవంతము లేదు.

జీవన్మృతి కాకపోయినను, కోలుకొను ఆశ లేనిచోట యంత్రములను ఆపుటను గూర్చి సుప్రీముకోర్టువారు 2018 మార్చి 9వ తేదీన తీర్పు చెప్పి, 2023లో ఆ పద్ధతిని సులభపరచిరి. ఇందుకు రెండు వైద్యమండలుల అభిప్రాయమును, ఇంటివారి సమ్మతియు నుండవలెను. ఆరోగ్యముగా నున్నప్పుడే ఎవరైనను తమ కోరికను ఇద్దరు సాక్షుల యెదుట వ్రాసి, నోటరీచేతనో గెజిటెడు అధికారిచేతనో ధ్రువపరపించి యుంచవచ్చును. అట్టి పత్రము లేనప్పుడు భార్య, తల్లి, బిడ్డలు వేసికొనవలసిన ప్రశ్న, "మాకేమి కావలెను?" అని కాదు; "ఆయనయే మాటాడగలిగినచో ఏమనును?" అని. ఈ ప్రశ్నకు ఇంటిలో కలిసి బ్రదికిన స్త్రీ చెప్పు జవాబు ఏ పెద్దమనుష్యుని మాటకును తీసిపోదు.

ఖర్చును గూర్చి ఒక మాట. రోడ్డు ప్రమాదములలో గాయపడినవారికి ఏడు దినముల వరకు 1,50,000 రూపాయలకు మించకుండ నగదు లేని చికిత్స నిచ్చు పథకమును కేంద్ర ప్రభుత్వమువారు 2025 మే నెలలో ప్రకటించిరి. ఆసుపత్రిలో దీనిని గూర్చి వెంటనే విచారింపవలెను.

ఇంటికి వచ్చిన పిమ్మట అసలు పరీక్ష ఆరంభమగును. శాంతస్వభావుడు చీటికి మాటికి కోపగించును, చెప్పినది మరచును, బిడ్డలపై విసుగుకొనును. ఇది దుర్గుణము గాదు, మెదడునకు తగిలిన గాయముయొక్క లక్షణము. వ్యాయామచికిత్సయు, మాటల శిక్షణయు నెలల తరబడి సాగవలెను. ఉపచారము చేయు స్త్రీకి నిద్రయు, వంతునకు మరియొక మనుష్యుడును ఉండవలెను. ఆమె జబ్బుపడినచో రోగికిని దిక్కుండదు. ఆసుపత్రిలో సంతకము చేసిన బంధువులు ఈ వంతునకు కూడ రావలెనని మొగమోటము లేక చెప్పుడు.

సోదరీమణులారా! ఆసుపత్రి వసారాలో ఆ కాగితము వచ్చినప్పుడు గోడ మూల నుండి ముందునకు రండు. కన్నీరు తుడిచికొని ప్రశ్న లడుగుడు. సంతకమెవరు చేసినను, ఆ బ్రదుకును రేపటినుండి మోయవలసినది మీరే.